మధ్యాహ్నం 1.11, నాలుగో సీటు

దర్జీ ఉదయం 6.40కి చనిపోయాడు.

వయసు అరవై ఎనిమిది. ఆసుపత్రిలో మూడు రోజులున్నాడు. వాంతులు, విరేచనాలు, చివరికి కిడ్నీలు. తీసుకొచ్చినప్పుడు చొక్కా జేబులో చాక్‌పీసు ముక్క, ఎవరివో కొలతలు రాసుకున్న చీటీ ఉన్నాయి. రెండూ ఒక కవర్లో పెట్టి భార్యకు ఇచ్చారు.

అతని ఇంటి చుట్టుపక్కల వీధుల నుంచి మరో నలభై ఒక్కమంది అదే వార్డులో ఉన్నారు. అందరూ తాగింది మూడో నంబరు ట్యాంకు నీళ్లే. ట్యాంకులోకి మురుగు చేరింది.

ఆ నీళ్లు తాగొచ్చో లేదో తేల్చాల్సింది నీటి పరీక్షల ల్యాబ్. దర్జీ పోవడానికి ఐదు రోజుల ముందు, గురువారం మధ్యాహ్నం, ల్యాబ్ ఇచ్చిన రిపోర్టులో ఒకే ఒక్క ముక్క ఉంది.

"బాక్టీరియా లేదు. సరఫరా చేయవచ్చు."

ఆ గురువారం గడిచి రెండు వారాలైంది. ఫైలు ఇన్‌స్పెక్టర్ టేబుల్ మీద ఉంది. లోపల ఛార్జిషీటు డ్రాఫ్టు కూడా సిద్ధంగా ఉంది. సంతకం ఒక్కటే బాకీ.

ఇన్‌స్పెక్టర్‌కు యాభై ఆరేళ్లు. ఆ వారం అతను ఇల్లు మారుతున్నాడు. సగం సామాను పాత ఇంట్లో, సగం కొత్త ఇంట్లో. మంచం ఒకచోట, పరుపు ఇంకోచోట. నాలుగు రోజులుగా నేలమీదే పడక. మెడ కుడివైపు తిరగడం మానేసింది.

ఫైలు మళ్లీ మొదటి నుంచి చదివాడు.

నిందితురాలు ల్యాబ్‌లో అనలిస్టు. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఆ గురువారం 12.41కి తన కంప్యూటర్లో, అంటే నాలుగో సీటులో, మూడో ట్యాంకు ఫలితం ఎంట్రీ చేసింది. "బాక్టీరియా ఉంది."

1.12కి అదే సీటు నుంచి ఆ ఎంట్రీ మారింది. "లేదు."

1.40కి చీఫ్ కెమిస్ట్ సంతకం పెట్టాడు. నీళ్లు వదిలారు.

తను మార్చలేదని ఆమె అంటోంది. 12.50కే తెర లాక్ చేసి, తలనొప్పితో రెస్ట్ రూముకు వెళ్లి పడుకున్నానంటోంది. 2.03కి తిరిగొచ్చి పాస్‌వర్డ్ కొట్టి లాక్ తీసింది. ఆ లాగ్ ఉంది. లాక్ వేసిన సమయం మాత్రం అందులో పడదు.

కానీ ఒక ఫోటో కూడా ఉంది. అదే మధ్యాహ్నం పక్క హాల్లో స్టోర్ కీపర్ పదవీ విరమణ సభ జరిగింది. ఎవరో ఫోన్‌తో గ్రూప్ ఫోటో తీశారు. సమయం 1.11. అందరి తలల వెనక, అద్దాల గోడకు అవతల, నాలుగో సీటు తెర వెలుగుతోంది. ఫలితాలు ఎంట్రీ చేసే రిజిస్టర్ ప్రోగ్రామ్ తెరిచి ఉంది. కుర్చీకి మాత్రం స్తంభం అడ్డం.

లాక్ చేసిన తెర మీద రిజిస్టర్ ఎలా తెరుచుకుంటుంది?

డిపార్ట్‌మెంటు ఆమెను సస్పెండ్ చేసి, విచారణలో తేల్చేసింది. తలనొప్పి మాత్రల మత్తులో తప్పుగా మార్చింది. తర్వాత లాక్ చేసి వెళ్లింది. ఇప్పుడు అబద్ధమాడుతోంది.

ఇన్‌స్పెక్టర్ పెన్ను తీశాడు. మూత తీశాడు. మళ్లీ పెట్టేశాడు.

"రైటరమ్మా, జీపు ఉందా?"

స్టేషన్ రైటర్ తలెత్తింది. "ఉంది సార్. డ్రైవర్ లేడు."

"నువ్వు నడుపు. నా మెడ తిరగదు."

* * *

10.20. అనలిస్టు ఇల్లు.

భర్త తలుపు తీశాడు. బస్సు డ్రైవర్. యూనిఫాంలోనే ఉన్నాడు. వేలు పెదవుల మీద పెట్టుకుని, మెల్లగా అన్నాడు.

"ఇవాళ తలనొప్పి ఎక్కువగా ఉంది సార్. కొంచెం నిదానంగా మాట్లాడండి."

లోపల అన్ని కిటికీలకూ మందపాటి పరదాలు. ట్యూబులైటు లేదు. మూలన చిన్న బల్బు, దానికీ కాగితం చుట్టారు. ల్యాబ్‌లో ఆమెను చీకటక్క అంటారని ఫైల్లో ఎక్కడో ఉంది. ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

ఆమె గోడకు ఆనుకుని కూర్చుంది. యాభై దగ్గర వయసు.

"సీటులోంచి ఎన్నింటికి లేచారు?"

"పన్నెండు యాభైకి."

"తెర లాక్ చేశారా?"

"చేశాను."

"గుర్తుందా? అలవాటు కొద్దీ చెప్తున్నారా?"

"అలవాటే సార్. చేసినట్టు గుర్తు లేదు. ఇంటికి తాళం వేసిన సంగతి మీకు గుర్తుంటుందా?"

"ఈ వారం నన్నడక్కండి. రెండు ఇళ్లకు వేస్తున్నా." ఇన్‌స్పెక్టర్ నోట్‌బుక్ తిప్పాడు. "1.12కి ఎక్కడున్నారు?"

"రెస్ట్ రూములో. లైటు ఆర్పేసి, కళ్లమీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నా."

"ఎవరైనా చూశారా?"

"చీకట్లో ఎవరు చూస్తారు సార్?"

"సభకు వెళ్లలేదా?"

"మైకు, చప్పట్లు. నా వల్ల కాదు. స్టోర్ కీపర్ గారికి ముందే చెప్పా. ఆయనేమీ అనుకోలేదు."

"ఎంట్రీ మార్చింది మీరు కాదా?"

భర్త అందుకున్నాడు. "తను మార్చలేదు సార్."

"నీకేం తెలుసు?" ఆమె అతనివైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "ఆ టైముకు నువ్వు బస్సులో ఉన్నావు."

తర్వాత ఇన్‌స్పెక్టర్‌తో అంది.

"మాత్ర వేసుకున్నా సార్. వేసుకుంటే మగతగా ఉంటుంది. గొట్టంలో నీళ్లు మబ్బుగా ఉండటం, పైన గాలి బుడగ, బాక్టీరియా గుర్తులన్నీ చూశా. 'ఉంది' అని కొట్టా. అదీ గుర్తుంది. ఆ తర్వాత మగతలో లేచి వెళ్లి నేనే మార్చేశానా? మొదటి రోజు కాదని గట్టిగా చెప్పా. ఇప్పుడు చెప్పలేకపోతున్నా. అందరూ అదే మాట అంటుంటే నా చేతులే మార్చాయేమో అనిపిస్తోంది."

ఇన్‌స్పెక్టర్ రాయడం ఆపాడు.

నేరం ఒప్పుకున్నవాళ్లను చూశాడు. కాదని దబాయించినవాళ్లను చూశాడు. చేశానో లేదో నాకే తెలియదన్న మనిషిని చూసి చాలా ఏళ్లయింది.

* * *

12.15. నీటి పరీక్షల ల్యాబ్.

పొడవాటి హాలు. వరసగా ఆరు సీట్లు. ప్రతి సీటు పక్కనా గాజు గొట్టాల స్టాండు. గోడ దగ్గర ఇంక్యుబేటర్ సన్నగా రొద పెడుతోంది. నాలుగో సీటు పైన ట్యూబులైటు పీకేసి ఉంది. కంప్యూటర్‌కు పోలీసు సీలు.

చీఫ్ కెమిస్ట్ ఎదురొచ్చాడు. రిటైర్‌మెంటుకు ఏడాది ఉంది. పలచటి మనిషి. మర్యాదస్తుడు. తన కుర్చీ ఇన్‌స్పెక్టర్‌కు ఇచ్చి, తను స్టూలు మీద కూర్చున్నాడు.

"ఏ సీటు నుంచైనా ఎంట్రీ మార్చొచ్చా?"

"లేదండీ. ఎక్కడ ఎంట్రీ చేస్తే అక్కడి నుంచే మార్చాలి. నా సీటులో సంతకం మాత్రమే పడుతుంది."

"మార్చిన మనిషి పేరు రికార్డవుతుందా?"

"సీటు నంబరు పడుతుంది. మనిషి పేరు పడదు. పాత ప్రోగ్రామ్."

"ఆ గొట్టాలేవి?"

"సాయంత్రం మరిగించి కడిగేస్తాం. రోజూ అంతే."

"కాగితం మీద రాసింది ఏమీ లేదా?"

"పోయినేడాది కాగితం మానేశామండీ."

"ఉంది అన్నది లేదు అని మారితే మీకు అనుమానం రాలేదా?"

"నాకు చివరి ఎంట్రీ ఒక్కటే కనబడుతుంది."

"1.12కి మీరెక్కడ?"

"సభలో మాట్లాడాను. తర్వాత నా గదికి వచ్చేశాను." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఆవిడ మంచి పనిమనిషి... అంటే పనిలో మంచి మనిషి. కానీ ఆ తలనొప్పి, ఆ మాత్రలు. నేనెవర్నీ నిందించను."

తర్వాత సిస్టమ్స్ మెకానిక్ వచ్చాడు. నలభై ఏళ్లవాడు. నడుముకు తాళంచెవుల గుత్తి, చెవి మీద స్క్రూడ్రైవర్. ల్యాబ్‌లో కంప్యూటర్లన్నీ విండోస్ కాదు, లినక్స్‌తో నడిచేవే. బాగుచేసేది ఇతనొక్కడే.

"తెర దానంతటదే ఎన్ని నిమిషాలకు లాక్ అవుతుంది?"

"ఐదు నిమిషాలకు."

"అన్ని సీట్లలోనూ?"

"అన్నిట్లోనూ."

"నాలుగో సీటులో కూడా?"

"ఆఁ."

"ఆ 'ఆఁ' కొంచెం ఆలస్యంగా వచ్చింది."

మెకానిక్ తాళంచెవుల గుత్తి పట్టుకున్నాడు.

"మీ కంప్లయింట్ల రిజిస్టర్ తెండి," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

నీలం అట్ట పుస్తకం. సభకు పదకొండు రోజుల ముందు, అనలిస్టు చేతిరాత.

"ఒకటి. తెర ఐదు నిమిషాలకోసారి లాక్ అయిపోతోంది. చేతులకు గ్లవ్స్ ఉంటాయి. పాస్‌వర్డ్ ముక్కుతో కొట్టనా? రెండు. మిగతావన్నీ నలుపు చేశారు, రిజిస్టర్ ప్రోగ్రామ్ మాత్రం ఇంకా తెల్లగా మొహం మీద పేలుతోంది. నా కళ్లు పోతున్నాయి. దయచేసి చూడండి."

కింద మెకానిక్ సంతకం. "రెండూ సరిచేయడమైనది."

ఇన్‌స్పెక్టర్ వేలు మొదటి కంప్లయింటు దగ్గర ఆగింది.

"సరిచేయడమంటే?"

"ఆటోమేటిక్ లాక్ తీసేశా సార్." మెకానిక్ గొంతు దిగిపోయింది. "రూల్ ప్రకారం తియ్యకూడదు. ఆవిడ రోజూ అవస్థ పడుతుంటే చూళ్లేక తీసేశా. ఎంక్వయిరీలో చెప్తే నా ఉద్యోగం పోతుందని..."

"అందుకని ఆవిడ ఉద్యోగం పోనిచ్చావు."

అతను తలొంచుకున్నాడు.

జీపులో కూర్చున్నాక రైటర్ అంది. "అయితే సార్, ఆవిడ లాక్ చెయ్యడం మర్చిపోయి ఉంటే ఎవరైనా వచ్చి కూర్చుని, పోతూ లాక్ చేసి ఉండొచ్చు."

"ఉండొచ్చు. అయినా తెర వదిలేసి పోయినందుకు నిర్లక్ష్యం కింద కేసు ఆవిడ మీదే. ఎటు తిప్పినా అక్కడికే వస్తోంది."

ఫోన్ మోగింది. పై అధికారి.

"ఛార్జిషీటు రేపు సాయంత్రానికి కావాలి. ఇంకా ఎన్నాళ్లు సాగదీస్తావయ్యా?"

"పంపిస్తాను సార్."

పంపించేయొచ్చు. ఎవరూ తప్పుపట్టరు. ఇన్‌స్పెక్టర్ కళ్లు మూసుకుని సీటుకు తల ఆన్చాడు. మెడ కలుక్కుమంది.

* * *

4.10. స్టేషన్.

స్టేషన్‌లో పనిచేసే కంప్యూటర్ ఒక్కటే. ఇన్‌స్పెక్టర్, రైటర్ ఇద్దరూ దాని మీదే పని. అదీ లినక్సే.

ఇన్‌స్పెక్టర్ టీ తాగొచ్చి కూర్చున్నాడు. ఛార్జిషీటులో నాలుగు మాటలు మార్చాలి. తెర చూసి ఉలిక్కిపడ్డాడు. తెరంతా ఆకుపచ్చ. అక్షరాలు చీమల్లా ఉన్నాయి.

"నా కంప్యూటర్‌ని ఏం చేశావమ్మా? నా అక్షరాలేవి?"

అతనివి బొటనవేలంత అక్షరాలు. రైటరే ఓపిగ్గా కూర్చుని పెట్టించింది.

"ఏం చెయ్యలేదు సార్. అది నా లాగిన్. మీరు టీకి వెళ్తూ లాక్ చేశారు. అర్జంటుగా ఒక లెటర్ కొట్టాల్సొచ్చింది."

"లాక్ చేస్తే లోపలికెలా వెళ్లావు? నా పాస్‌వర్డ్ నీకు తెలుసా?"

"మీ పాస్‌వర్డ్ నాకెందుకు సార్? లాక్ తెర మీద కిందనే 'వేరే యూజర్' అని ఉంటుంది. అది నొక్కి నా పేరు, నా పాస్‌వర్డ్ కొట్టా. మీది వెనకాల అలాగే ఉంది. మీ గది తాళం మీదే. నేను నా గదిలోకి వెళ్లా. అంతే."

"మరి ఈ రంగులు?"

"ఎవరి రంగులు వాళ్లవి సార్. అక్షరాల సైజు, నలుపు, తెలుపు, అన్నీ. ఎవరు లాగిన్ అయితే వాళ్లవే వస్తాయి."

ఇన్‌స్పెక్టర్ ఆ ఆకుపచ్చ తెర వంకే చూస్తున్నాడు.

ఫోన్ మోగింది. భార్య.

"ఏమండీ, ప్యాకింగ్ టేపు ఎక్కడ పెట్టారు?"

"ఆఁ?"

"టేపు! వంటింటి పెట్టెలన్నీ నోళ్లు తెరుచుకుని కూర్చున్నాయి."

"మళ్లీ చేస్తా."

"చెయ్యరు. నాకు తెలుసు."

ఫోన్ పెట్టేసి ఫైలు తెరిచాడు. ఫోటో తీశాడు. రెండు వారాల్లో దాన్ని ఇరవైసార్లు చూసి ఉంటాడు. ప్రతిసారీ చూసింది తెర వెలుగుతోందా లేదా అన్నదే. ఈసారి భూతద్దం పెట్టాడు. చాలాసేపు చూశాడు.

"ఆ ల్యాబ్‌ను లాగ్ అడుగుతూ మనం రాసిన లెటర్ కాపీ తియ్యమ్మా."

రైటర్ తీసిచ్చింది. అందులో ఒకే వాక్యం. 'నిందితురాలి పేరు మీద ఉన్న లాగిన్ వివరాలు మాత్రం పంపగలరు.' కింద సంతకం ఇన్‌స్పెక్టర్‌దే.

ఆ సంతకం వంక కూడా చాలాసేపు చూశాడు.

"రేపు పదకొండింటికి నాలుగో సీటు సీలు తీస్తున్నాం. అందర్నీ రమ్మను. ఆ స్టోర్ కీపర్‌ని కూడా."

* * *

11.00. ల్యాబ్.

ఐదుగురు నాలుగో సీటు చుట్టూ నిలబడ్డారు. చీఫ్ కెమిస్ట్. మెకానిక్. ఇస్త్రీ చొక్కాలో స్టోర్ కీపర్. నల్ల కళ్లద్దాలు పెట్టుకున్న అనలిస్టు, పక్కన ఆమె భర్త.

రైటర్ సీలు తీసి కంప్యూటర్ ఆన్ చేసింది.

"లాగిన్ అవ్వండమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అనలిస్టు పాస్‌వర్డ్ కొట్టింది. తెర నల్లగా తెరుచుకుంది. బూడిద రంగు అక్షరాలు.

"రిజిస్టర్ ప్రోగ్రామ్ తెరవండి."

తెరిచింది. అదీ నలుపే.

"ఇది ఎప్పటి నుంచి ఇలా ఉంది?"

మెకానిక్ జవాబిచ్చాడు. "సభకు పది రోజుల ముందు నుంచి సార్. మిగతావన్నీ చెప్పినట్టు విన్నాయి. ఈ ప్రోగ్రామ్ ఒక్కటే మొండికేసింది. పాతది కదా, దాని రంగుల థీమ్ విడిగా పెట్టాలి. సగం రోజు కూర్చుని చేశా."

"అందరికీ చేశావా?"

"లేదు సార్. ఆవిడ లాగిన్‌కి మాత్రమే."

ఇన్‌స్పెక్టర్ ఫోటో తీసి అనలిస్టు చేతికిచ్చాడు.

"ఇది మీరు ఎప్పుడైనా చూశారా?"

"లేదు సార్. ఫోటో ఉందన్నారు. చూపించలేదు."

ఆమె నల్ల కళ్లద్దాలు పైకెత్తి చూసింది. వెంటనే ముఖం చిట్లించింది.

"ఇదేంటి... ఇంత తెల్లగా?"

"మీ సీటేనా?"

"నా సీటే. నా తెర కాదు. ఇలా ఉంటే నేను రెండు నిమిషాలు కూర్చోలేను."

ఇన్‌స్పెక్టర్ ఫోటో తీసుకుని అందరికీ కనబడేలా తెర పక్కన పట్టాడు.

"మేమంతా తెర వెలుగుతోందని చూశాం," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఏ రంగులో వెలుగుతోందో చూడలేదు. 1.11కి ఈ తెర మీద ఉన్నది ఈవిడ లాగిన్ కాదు. వేరేవాళ్లది. ఇంకో సంగతి. ఈవిడ లాక్ చెయ్యకుండా వెళ్లి ఉంటే, వచ్చినవాడు ఈ నల్ల తెర మీదే పని కానిచ్చేవాడు. పాస్‌వర్డ్ అవసరమే ఉండేది కాదు. లాక్ చేసి ఉంది కాబట్టే 'వేరే యూజర్' నొక్కాల్సొచ్చింది. అమ్మా, మీరు లాక్ చేశారు. మీకు గుర్తు లేకపోయినా, చేశారు."

ఆమె భర్త ఆమె భుజం పట్టుకున్నాడు.

"ఈ మెషిన్లో ఇంకే లాగిన్లు ఉన్నాయి?"

మెకానిక్ ముందుకు వచ్చాడు. "రిపేర్లకు వాడేది ఒక్కటే సార్. అడ్మిన్."

"దాని పాస్‌వర్డ్ ఎవరెవరికి తెలుసు?"

"నాకు." చీఫ్ కెమిస్ట్ వైపు చూశాడు. "చీఫ్ సార్‌కి. ఎప్పుడైనా నేను లేకపోతే అవసరమని కాగితం మీద రాసిచ్చా."

"అడ్మిన్‌గా లోపలికెళ్లు."

తెర ఒక్కసారి తెల్లగా వెలిగింది. అనలిస్టు తల తిప్పేసుకుంది. రిజిస్టర్ తెరిచాడు. ఫోటోలో ఉన్నది ఉన్నట్టుగా.

"ఇప్పుడు ఆ గురువారం లాగ్ చూపించు. ఈవిడ పేరు మీద ఉన్నది కాదు. మొత్తం."

అక్షరాలు పరిగెత్తాయి. మెకానిక్ వేలు ఒకచోట ఆగింది. రైటర్ వంగి చదివింది.

"1.09. అడ్మిన్ లోపలికి. 1.14. అడ్మిన్ బయటికి."

"నేను కాదు సార్!" మెకానిక్ అరిచినంత పని చేశాడు. "నాకు ఈ ట్యాంకులూ గొట్టాలూ ఏం తెలుసు!"

"నువ్వు కాదు. ఫోటోలో కుడి చివర చూసుకో. నోట్లో కేకు. 1.11కి నువ్వు పక్క హాల్లో ఉన్నావు."

ఇన్‌స్పెక్టర్ స్టోర్ కీపర్‌వైపు తిరిగాడు. మెడ పట్టేసినందువల్ల మనిషి మొత్తం తిరగాల్సి వచ్చింది.

"మీ సభలో చీఫ్ గారు ఎంతసేపున్నారు?"

స్టోర్ కీపర్ ఇబ్బందిగా కదిలాడు. "సార్ బాగా మాట్లాడారండీ. ఒంటిగంటకు ముగించారు. కేకు కోసేలోపు వెళ్లిపోయారు. ఫోటోలో లేకపోయారే అని మా ఆవిడ ఇప్పటికీ అంటుంది."

అందరి కళ్లూ చీఫ్ కెమిస్ట్ మీదకు మళ్లాయి.

ఆయన కాదనలేదు. పక్కనున్న స్టూలు లాక్కుని, మెల్లగా కూర్చున్నాడు. రెండు వారాలుగా నిలబడే ఉన్న మనిషిలా కూర్చున్నాడు.

"ఈ ఏడాది ఆ ట్యాంకును మూడుసార్లు ఆపించాను," అన్నాడు. "మూడుసార్లూ రెండో పరీక్షలో ఏమీ లేదు. సీసా సరిగా కడగలేదన్నారు. ల్యాబ్‌కు బుద్ధి లేదన్నారు. జనం ఖాళీ బకెట్లు తెచ్చి మా గేటు ముందు పడేశారు. ఆ వారమంతా ఫోన్లే. పైనుంచి, కిందనుంచి, పేరు చెప్పనివాళ్ల నుంచి. ఆ గురువారం సభకు వెళ్లేముందు తెర మీద చూశాను. మళ్లీ మూడో నంబరు. మళ్లీ ఉంది. ఇంకో వారం ఆ ఫోన్లు ఎత్తే ఓపిక నాలో లేదండీ. సోమవారం ఎలాగూ ఇంకో పరీక్ష ఉంది. అప్పటికి అదే పోతుందనుకున్నా."

"పోలేదు."

"పోలేదు."

"ఆవిడ మీద నేరం పడుతుంటే?"

"మొదటి రోజే చెప్పేద్దామనుకున్నా. రేపు చెప్దాం, రేపు చెప్దామని... ఈలోగా దర్జీ పోయాడన్నారు. ఇక నోరు పెగల్లేదు."

అనలిస్టు ఆయన ముందుకు వచ్చి నిలబడింది. నల్ల కళ్లద్దాలు తీసేసింది. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సార్, ఇరవై రెండేళ్లు మీ దగ్గర పనిచేశా. నన్ను తిట్టుంటే సరిపోయేది. ఈ రెండు వారాలు నేను నా చేతుల్నే నమ్మలేదు. కూర దించేటప్పుడు కూడా స్టవ్ ఆర్పానా లేదా అని మూడుసార్లు చూసుకున్నా."

ఆయన కళ్లద్దాలు తీసి ఒళ్లో పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ జేబులోంచి లెటర్ కాపీ తీశాడు. "ఇది నేను పంపింది. మీ పేరు మీదున్న లాగ్ మాత్రమే అడిగాను. ఫోటో మీకు చూపించనిది కూడా నేనే. చూపించి ఉంటే మొదటి రోజే తేలిపోయేది."

ఆమె లెటర్ చదివి తిరిగిచ్చేసింది.

"ఎందుకు చూపించలేదు సార్?"

ఇన్‌స్పెక్టర్ దగ్గర జవాబు ఉంది. అది చీఫ్ కెమిస్ట్ చెప్పిన జవాబుకు మరీ దూరంలో లేదు. అందుకే చెప్పలేకపోయాడు.

"తప్పయింది," అన్నాడు.

* * *

12.25.

చీఫ్ కెమిస్ట్‌ను కానిస్టేబుల్ కాపలాతో జీపు ఎక్కించారు. ఆయన గదిలో ఫోన్ మోగుతూనే ఉంది. చివరికి స్టోర్ కీపర్ వెళ్లి ఎత్తాడు. విని, అనలిస్టు దగ్గరికి వచ్చాడు.

"సరఫరా ఆఫీసు నుంచమ్మా. మూడో ట్యాంకు కడిగారట. నిన్నటి శాంపిల్ రిజల్టు అడుగుతున్నారు. రెండింటికి నీళ్లు వదలాలట."

"నేను సస్పెన్షన్లో ఉన్నా బాబాయ్."

ఇన్‌స్పెక్టర్ తన ఫోన్ తీసి ల్యాబ్ డైరెక్టర్‌కు కలిపాడు. జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పాడు. తర్వాత డైరెక్టర్ ఆమెతో మాట్లాడాడు. సస్పెన్షన్ రద్దు, ఆర్డరు సాయంత్రం వస్తుంది, వీలైతే ఇప్పుడే చేరండి, సంతకం కూడా మీరే పెట్టండి, మనుషుల్లేరు. క్షమాపణ మాట రాలేదు.

ఆమె ఫోన్ తిరిగిచ్చి చిన్నగా నవ్వింది. "పిలవడం మాత్రం బాగా పిలిచారు."

"ఇంటికి పోదాం పద," అన్నాడు భర్త. "రేపు చూసుకోవచ్చు."

"రెండింటికి నీళ్లు వదుల్తారట. రేపటికి ఏం చూస్తాను?"

గ్లవ్స్ తొడుక్కుంది. ఇంక్యుబేటర్ తెరిచి గొట్టాల స్టాండు తీసింది. ఒక్కొక్క గొట్టమూ వెలుతురుకు ఎత్తి, కళ్లు చికిలించి చూసింది. పదిహేను గొట్టాలు. అయిపోయాక మళ్లీ మొదటి నుంచి చూసింది. తర్వాత రైటర్‌ను పిలిచింది.

"మీరూ చూడమ్మా. ఈ మూడు. మబ్బుగా ఉన్నాయా లేదా?"

"ఉన్నాయి. పైన బుడగ కూడా ఉంది."

"అయితే నా కళ్లు బాగానే ఉన్నాయి."

నాలుగో సీటులో కూర్చుని ఎంట్రీ చేసింది. చీఫ్ గదిలోకి వెళ్లి, నిలబడే నంబరు తిప్పింది. ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర ఆగాడు.

"నీటి ల్యాబ్ నుంచండీ. మూడో ట్యాంకు. బాక్టీరియా ఇంకా ఉంది. తెరవకూడదు."

అవతల గొంతు పెరిగింది. మాటలు గుమ్మం దాకా వినిపించాయి. జనం రోడ్డెక్కుతారని, ల్యాబ్‌కు వేరే పని లేదని, రెండు వారాలుగా ట్యాంకర్లు తిప్పలేక చస్తున్నామని. ఆమె రిసీవర్ చెవికి కాస్త దూరంగా పట్టుకుంది కానీ పెట్టెయ్యలేదు. రెండో చేత్తో కణత నొక్కుకుంది. అవతలివాళ్లు అలిసిపోయేదాకా విన్నది.

"లేదండీ," అంది. "రేపు మళ్లీ చూస్తా. రేపూ ఉంటే రేపూ ఇదే చెప్తా."

ఫోన్ పెట్టేసింది. అది వెంటనే మళ్లీ మోగింది.

కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, రిసీవర్ ఎత్తింది.